రైడ్ ఎక్కేటప్పుడు ఫోన్ ఎందుకు వద్దంటారు?



డిసెంబరు దగ్గర పడింది. క్లాసులో పాఠం మీద వచ్చే డౌట్లకంటే ఎక్స్‌కర్షన్ మీద వచ్చే డౌట్లే ఎక్కువగా ఉన్నాయి. ఈసారి 8, 9 తరగతుల పిల్లల్ని హైదరాబాద్ తీసుకువెళ్తున్నాం. రావిర్యాల దగ్గరున్న వండర్‌లాలో ఒక రోజంతా గడిపి, తిరుగు ప్రయాణంలో నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా నరసరావుపేట చేరుకుంటాం. మీకు పంపిన కన్సెంట్ ఫారంలో ఒక లైను ఉంది: రైడ్ల మీదకు ఫోన్లు, కెమెరాలు, సెల్ఫీ స్టిక్కులు తీసుకువెళ్లకూడదు.

ఆ ఒక్క లైను గురించే చాలామంది ఫోన్ చేశారు. "ఫోన్ లేకపోతే మా వాడు ఎక్కడున్నాడో మాకెలా తెలుస్తుంది మేడం?" అని ఒకరు. "గోప్రో కొనిచ్చాం, ఛాతీకి బెల్టుతో కట్టుకుంటాడు, అదైనా ఒప్పుకుంటారా?" అని ఇంకొకరు. "పార్కు వాళ్లు వాళ్ల ఫొటోలు అమ్ముకోడానికే కదండీ ఈ రూలు?" అని మరొకరు. మూడూ అడగదగ్గ ప్రశ్నలే. "రూలు కాబట్టి రూలు" అని చెబితే పిల్లలు వినరు, పెద్దవాళ్లూ వినరు. అందుకే ఈ నెల ఈ పేజీలో ఆ రూలు వెనక ఉన్న కారణాలు రాస్తున్నాను.

ముందుగా కిందటి ట్రిప్పులో జరిగింది చెప్పాలి. అది ఏ పార్కో ఇక్కడ అవసరం లేదు. మా 8వ తరగతి అబ్బాయి ఒకడు ఫోను సాక్సులో దాచుకుని పెద్ద రైడ్ ఎక్కాడు. రైడ్ కదిలి పైకి వెళ్తుండగా బయటికి తీశాడు. ఆపరేటర్ కెమెరాలో చూసి వెంటనే ఆపేశాడు. పైన కూర్చున్న ఇరవై మంది పిల్లలు, వేరే కుటుంబాల వాళ్లు పది నిమిషాలు గాల్లో ఉండిపోయారు. ఒక చిన్న పాప ఏడుపు కిందికి వినిపించింది. ఎవరికీ ఏమీ కాలేదు. బస్సులో నేను ఆ అబ్బాయిని గట్టిగానే తిట్టాను. వాడు ఏమీ మాట్లాడకుండా ఫోన్లో ఒక వాయిస్ మెసేజ్ పెట్టి వినిపించాడు. వాళ్ల నాన్నగారి గొంతు: "పైకెక్కినప్పుడు వీడియో తియ్యిరా, నానమ్మ చూస్తానంటోంది."

ఆ నాన్నగారిని అనడానికి నాకు నోరు రాలేదు. ఎందుకంటే ఆ ఉదయం బస్సు బయలుదేరేటప్పుడు పేరెంట్స్ గ్రూపులో "రోజంతా లైవ్ అప్‌డేట్స్ పంపుతాం, చూస్తూ ఉండండి" అని మెసేజ్ పెట్టింది నేనే. పిల్లవాడి చేతికి ఫోన్ ఇచ్చింది వాళ్ల నాన్న అయితే, వీడియో కోసం అందరినీ ఎదురుచూసేలా చేసింది నేను.

ఫోన్ చేయి జారితే ఏమవుతుంది?

దీనికి మా 9వ తరగతి ఫిజిక్స్ పుస్తకం చాలు. పిల్లలు ఈ సంవత్సరమే నేర్చుకున్న చలన సమీకరణం ఒకటుంది: చివరి వేగం వర్గం = 2 × గురుత్వ త్వరణం × ఎత్తు. 20 మీటర్ల ఎత్తు, అంటే ఆరేడు అంతస్తుల భవనం అనుకోండి. అక్కడి నుంచి ఫోన్ జారితే, గాలి నిరోధాన్ని పక్కన పెట్టి లెక్క కడితే, నేలను తాకేసరికి దాని వేగం సెకనుకు దాదాపు 20 మీటర్లు. అంటే గంటకు 70 కిలోమీటర్ల పైమాట. పట్టే సమయం రెండు సెకన్లు. కింద ఉన్నవాళ్లు తలెత్తి చూసేలోపు అయిపోతుంది.

ఇప్పుడు బరువు చూద్దాం. క్రికెట్ బంతి బరువు దాదాపు 160 గ్రాములు. కవరుతో కలిపి నేటి స్మార్ట్‌ఫోన్ 200 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. బంతి గుండ్రంగా ఉంటుంది, ఫోనుకు మూలలూ అంచులూ ఉంటాయి. గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతిని హెల్మెట్ లేకుండా ఆడమని మనం మన పిల్లలకు చెప్పం. రైడ్ కింద క్యూలో నిలబడినవాళ్లకు హెల్మెట్లుండవు.

ఇది నిలబడి ఉన్న చోటు నుంచి జారితే. రోలర్ కోస్టర్ మీద అయితే సంగతి ఇంకో రకం. బండి ఎంత వేగంతో పోతోందో చేతిలో ఉన్న ఫోన్ కూడా అంతే వేగంతో పోతుంటుంది. చేయి వదిలిన మరుక్షణం గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. వెనక వరసల్లో కూర్చున్నవాళ్లు మాత్రం అదే వేగంతో ముందుకు దూసుకొస్తుంటారు. ముందు సీటులో ఉన్నవాడి ఫోన్ వెనక సీటులో ఉన్నవాడి మొహానికి ఎదురొస్తుంది.

2019 సెప్టెంబరులో ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది, మీలో కొందరు చూసే ఉంటారు. స్పెయిన్‌లోని పోర్ట్‌అవెంచురా పార్కులో షంభాల అనే రోలర్ కోస్టర్ మీద, ముందు కూర్చున్న ఒకాయన చేతిలోంచి ఫోన్ జారింది. వెనక వరసలో ఉన్న న్యూజిలాండ్ దేశస్థుడు గాల్లోనే దాన్ని చేత్తో పట్టుకున్నాడు. రైడ్ వేగం గంటకు సుమారు 130 కిలోమీటర్లు. అందరూ "భలే క్యాచ్" అన్నారు. మా పిల్లలకు ఆ వీడియో చూపించి, "ఆయన పట్టుకోలేకపోయి ఉంటే అది ఎక్కడికి పోయేది?" అని అడిగాను. క్లాసు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

"గట్టిగా పట్టుకుంటాను మేడం"

పిల్లలందరూ చెప్పేది ఇదే. అబద్ధం కాదు, నిజంగానే గట్టిగా పట్టుకుందామనే అనుకుంటారు. కానీ రైడ్ మీద ఫోన్ బరువు మారిపోతూ ఉంటుంది. రోలర్ కోస్టర్ లూపు అడుగుకు దిగి పైకి లేచేటప్పుడు మన ఒంటి మీద మూడు నాలుగు రెట్ల భారం పడుతుంది. 200 గ్రాముల ఫోన్ ఆ క్షణంలో 600 నుంచి 800 గ్రాములుగా అనిపిస్తుంది. ముందుకు చాచిన చెయ్యి కూడా అన్ని రెట్లు బరువెక్కుతుంది. వెంటనే గుట్ట మీదకు వచ్చేసరికి బరువే లేనట్టు తేలిపోతాం. కడుపులో ఏదో జారినట్టుండేది అప్పుడే. జేబులో ఉన్న ఫోన్ బయటికి జారేది కూడా అప్పుడే. అందుకే "చేతిలో పట్టుకోను, చొక్కా జేబులోనే పెట్టుకుంటా" అన్నా ఒప్పుకోరు.

రెండో సంగతి చేతులు. పెద్ద రైడ్లలో భుజాల మీదుగా దిగే బార్ ఉంటుంది. తల వెనక్కి ఆనించి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని కూర్చోవాలి. ఆ బార్, సీటు, హ్యాండిల్ అన్నీ ఆ కూర్చునే తీరును బట్టే తయారవుతాయి. వీడియో తీసేవాడు ఒక చెయ్యి వదిలేస్తాడు, స్క్రీన్ చూడటానికి మెడ వంచుతాడు. మలుపు ఎప్పుడొస్తుందో చూడడు. మెడ బెణికేది, తల బార్‌కు తగిలేది ఇలాంటప్పుడే. వండర్‌లాలోని రీకాయిల్ లాంటి రైడ్ ముందుకు వెళ్లి, అదే దారిలో వెనక్కి కూడా వస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఏ మలుపు ఎప్పుడు తగులుతుందో మామూలుగా కూర్చున్నవాడికే తెలియదు. ఫోన్ చూస్తున్నవాడికి అసలే తెలియదు.

మూడోది చాలామందికి తెలియనిది. రైడ్ డిజైన్ చేసేవాళ్లు కూర్చున్న మనిషి చుట్టూ కొంత ఖాళీ వదులుతారు. ఆ మనిషి చేతులు, కాళ్లు బార్లా చాచినా పక్కనున్న స్తంభానికో, కమ్మీకో తగలకుండా లెక్క వేసి వదిలిన స్థలం అది. లెక్క మనిషి చేతికే, చేతిలో ఉన్న కర్రకు కాదు. అర మీటరు పొడవున్న సెల్ఫీ స్టిక్ పైకెత్తితే ఆ ఖాళీని దాటి బయటికి పోతుంది. అది స్తంభానికి తగిలితే విరిగేది స్టిక్ ఒక్కటే కాదు, పట్టుకున్న మణికట్టు కూడా.

ఇతర దేశాల్లోనూ ఇదే రూలు

ఇది మన దగ్గర మాత్రమే పెట్టిన కట్టడి కాదు. 2015 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియా డిస్నీ పార్కులో ఒకరు రోలర్ కోస్టర్ మీద సెల్ఫీ స్టిక్ బయటికి తీయడంతో ఆ రైడ్‌ను దాదాపు గంటసేపు ఆపేయాల్సి వచ్చింది. అదే నెలాఖరు నుంచి డిస్నీ తన పార్కుల్లోకి సెల్ఫీ స్టిక్కులు తేవడాన్నే నిషేధించింది. రైడ్ మీదే కాదు, గేటు లోపలికే రానివ్వలేదు.

ఒహాయో రాష్ట్రంలోని సీడార్ పాయింట్ అనే పార్కు 2018లో ఇంకో అడుగు ముందుకు వేసింది. స్టీల్ వెంజెన్స్ అనే కొత్త కోస్టర్ క్యూలోకే ఫోన్లు తేవద్దంది. ఆ రైడ్ ట్రాక్ క్యూ మీదుగా పోతుంది. పైనుంచి ఏది జారినా కింద నిలబడిన మనుషుల మీదే పడుతుంది. మరుసటి ఏడాది బండిలోనే జిప్పు సంచులు అమర్చి, వస్తువులు వాటిలో పెట్టుకోనిచ్చారు.

అదే సీడార్ పాయింట్‌లో 2015 ఆగస్టులో జరిగింది ఇంకా బాధాకరం. రైడ్ మీద ఫోన్, పర్సు పోగొట్టుకున్న ఒకాయన వాటిని వెతుక్కోడానికి కంచె దాటి రాప్టర్ అనే కోస్టర్ కిందికి వెళ్లాడు. ఆ రాప్టర్ రైలు తగిలి అక్కడే చనిపోయాడు. రైడ్ మీద ఉన్నప్పుడు ఆయనకు ఏమీ కాలేదు. కింద పడిన వస్తువు కోసం వెళ్లినప్పుడే ప్రాణం పోయింది. మీరు ఈ వ్యాసంలో ఒక్క విషయమే పిల్లలకు చెప్పాలనుకుంటే ఇదే చెప్పండి: ఏది పడినా, ఎంత ఖరీదైనదైనా, కంచె దాటకూడదు. ఆపరేటర్‌కు చెప్పాలి. రైడ్ ఆగాక వాళ్లే తెచ్చిస్తారు. "ఫోన్ పగిలితే నాన్న చంపేస్తాడు" అనే భయం పిల్లల మనసులో ఉంటే వాళ్లు కంచె దాటుతారు. ఆ భయం తీసేయాల్సింది మనమే.

మరి గోప్రో సంగతి?

"బెల్టుతో కట్టుకుంటే జారదు కదా" అన్న ప్రశ్నకు పూర్తి జవాబు ఇస్తాను. గట్టిగా బిగించిన కెమెరా చేతిలోని ఫోనుకంటే నయమే, కాదనను. అయినా ఎక్కువ పార్కులు దాన్నీ ఒప్పుకోవు. కారణాలు మూడు. ఛాతీ మీద కట్టుకున్న కెమెరా మీదకు భుజాల బార్ దిగితే, బార్‌కూ ఒంటికీ మధ్య గట్టి వస్తువు ఇరుక్కుంటుంది. బార్ సరిగా లాక్ అవకపోవచ్చు, అయినా పక్కటెముకల మీద నొక్కుతుంది. తలకు కట్టుకుంటే బరువు మెడ మీద పడుతుంది, గాలికి లాగుతుంది. ఇక గేటు దగ్గర నిలబడ్డ ఒక ఆపరేటర్, రోజుకు వేలమందిలో ఎవరి బెల్టు గట్టిగా ఉంది, ఎవరిది వదులుగా ఉంది అని చెక్ చేస్తూ కూర్చోలేడు. అందుకే అందరికీ ఒకే రూలు.

నీళ్ల రైడ్ల దగ్గర ఇంకో కారణం ఉంది. వాటర్ స్లైడ్‌లో చేతులు ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని పడుకోమంటారు. ఛాతీ మీద కెమెరా ఉంటే, కింద నీళ్లలో పడే దెబ్బకు అది సొంత గడ్డానికో, పళ్లకో తగులుతుంది. ముందు దిగినవాడు ఇంకా లేవకపోతే వాడి తలకు తగులుతుంది.

"మరి యూట్యూబ్‌లో రైడ్ మీద కూర్చుని తీసిన వీడియోలు అన్నున్నాయి కదా?" అని పిల్లలు అడుగుతారు. మంచివన్నీ ఎక్కువగా పార్కు అనుమతితో తీసినవే. పార్కు తెరవకముందు, ఖాళీ బండికి కెమెరాను బోల్టులతో బిగించి, అది ఊడినా పడకుండా ఇంకో తాడు కట్టి తీస్తారు. సీటులో కూర్చుని దొంగచాటుగా తీసినవి కూడా ఉన్నాయి. అవి తీసినవాళ్లు అదృష్టం కొద్దీ ఫోన్ జారనివాళ్లు. జారినవాళ్ల వీడియోలు మనకు కనబడవు.

ఇక పార్కు వాళ్లు ఫొటోలు అమ్ముకుంటారన్న మాట. అవును, చాలా పార్కులు రైడ్ మీద ఆటోమేటిక్ కెమెరా పెట్టి ఫొటో తీసి అమ్ముతాయి, అది వాళ్లకు ఆదాయమే. కానీ ఆ కెమెరా స్తంభానికి బిగించి ఉంటుంది, ఎవరి చేతిలోనూ ఉండదు. ఫొటోలు అమ్మని రైడ్ల మీద కూడా ఫోన్ వద్దనే అంటారు. వాళ్ల వ్యాపారం వాళ్లది, మన పిల్లల భద్రత మనది. ఈ రూలు దగ్గర రెండూ ఒకే వైపున్నాయి.

ఫోన్ ఒక్కటే కాదు

పార్కుల్లో "లూజ్ ఆర్టికల్స్" అని రాసి ఉంటుంది. విడిగా ఉండి ఊడిపోయేవన్నీ అందులోకే వస్తాయి: కళ్లజోళ్లు, టోపీలు, వదులు చెప్పులు, గాజులు, చున్నీలు. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో ఒక బీటెక్ విద్యార్థిని గో కార్టింగ్ చేస్తుండగా జుట్టు బండి చక్రంలో చిక్కుకుని ప్రాణం పోగొట్టుకుంది. ఆడపిల్లలు ఆ రోజు జుట్టు గట్టిగా జడ వేసి ముడి పెట్టుకోవాలని, చున్నీ లేని డ్రెస్ వేసుకోవాలని చెప్పేది అందుకే. పవరు కళ్లజోడు ఉన్న పిల్లలు తల వెనక కట్టుకునే పట్టీ ఒకటి తెచ్చుకుంటే మంచిది. కొన్ని రైడ్లలో పట్టీ ఉన్నా తీసేయమంటారు, అప్పుడు తీసేయాలి.

నీళ్ల దగ్గర ఇంకొకరి పిల్లలు కూడా ఉంటారు

వాటర్ పార్కులో ఫోన్ బయటికి తీస్తే మన పిల్లవాడు ఒక్కడే రాడు. వెనక తడి బట్టలతో వేరే కుటుంబాల ఆడవాళ్లు, పిల్లలు ఉంటారు. వాళ్లను అడిగి తీయం. అదే వీడియో సాయంత్రానికి స్టేటస్‌లో ఉంటుంది. మన ఆడపిల్ల తడి బట్టల్లో ఎవరో తెలియనివాళ్ల ఫోన్లో ఉందంటే మనకెలా ఉంటుందో వాళ్లకూ అలాగే ఉంటుంది.

బట్టలు మార్చుకునే గదుల దగ్గరైతే ఇది మర్యాద విషయం దాటి నేరం అవుతుంది. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చూడటం, ఫొటో తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉంటాయి. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కూడా ఉంది. ఆడైనా మగైనా ఒకరి ఒంటి రహస్య భాగాల ఫొటో అనుమతి లేకుండా తీసినా, పంపినా మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా. "పిల్లలు తమాషాకి చేశారండీ" అనే మాట అప్పుడు పనిచేయదు. 8, 9 తరగతుల మగపిల్లలకు ఈ సంగతి నాన్నగారు కూర్చోబెట్టి చెబితే మేం చెప్పిన దానికంటే బాగా ఎక్కుతుంది.

లాకరు లేని చోట

పెద్ద పార్కుల్లో లాకర్లుంటాయి, బోర్డులుంటాయి, చూసి ఆపే ఆపరేటర్ ఉంటాడు. మన ఊళ్లలో అవేవీ ఉండవు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో జెయింట్ వీల్ ఎక్కేవాళ్లను గమనించండి. ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఫోన్. పైనుంచి ప్రభల లైట్లు వీడియో తీస్తుంటారు. చూడ్డానికి నిజంగానే బాగుంటుంది. కింద మాత్రం రంగులరాట్నం దగ్గర చిన్నపిల్లల్ని ఎత్తుకుని తల్లులు నిలబడి ఉంటారు. జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్స్ ఏది ఎక్కినా ఫోన్ కింద నిలబడ్డ మనవాళ్లకు ఇచ్చి ఎక్కాలి. అక్కడ మనల్ని ఆపేవాళ్లు ఉండరు కాబట్టి రూలు మనమే పెట్టుకోవాలి.

మా ట్రిప్పు తిరుగు దారిలో సాగర్ డ్యాం, ఎత్తిపోతల కూడా ఉన్నాయి. అక్కడ రైడ్లు లేవు, ఫోన్ మోజు మాత్రం అదే. ఢిల్లీలోని ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు కలిసి 2016లో సెల్ఫీ మరణాలను లెక్కించారు. 2014 మార్చి నుంచి 2016 సెప్టెంబరు వరకు ప్రపంచం మొత్తంలో 127 మరణాలు వాళ్లకు దొరికితే, అందులో 76 మన దేశంలోవే.

తెలుగువాళ్లు మరిచిపోలేని రోజు ఇంకొకటుంది. 2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి స్టడీ టూర్‌కు వెళ్లిన ఇంజినీరింగ్ విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్‌లో మండీ జిల్లాలోని బియాస్ నదిలోకి దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు, వాళ్ల వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. తప్పు పిల్లలది కాదు. నష్టపరిహారం చెల్లించాలని హిమాచల్ హైకోర్టు ఆదేశించింది కూడా. కానీ పిల్లల్ని టూర్‌కు తీసుకువెళ్లే ఏ టీచరైనా ఆ తేదీని మరిచిపోకూడదు. చూపు ఫోన్లో ఉన్నప్పుడు చుట్టూ మారేది కనబడదు. అందుకే సాగర్‌లోనూ ఎత్తిపోతల దగ్గరా నీళ్లలోకి దిగడం ఉండదు, రెయిలింగ్ దగ్గర సెల్ఫీలు ఉండవు. గ్రూప్ ఫొటో నేల మీద నిలబడి ఒక్కటే తీస్తాం.

ఈసారి ఎలా చేస్తున్నాం

పిల్లలు ఫోన్లు తేకూడదు. పొరపాటున తెస్తే బస్సులోనే టీచరు తీసుకుని పేరు రాసి పెడతారు, ఇంటికి వచ్చాక మీకే ఇస్తారు. ప్రతి 12 మంది పిల్లలకు ఒక టీచరు ఉంటారు. ఆ టీచరు ఫోన్ నంబరు మీ డైరీలో అంటించి పంపుతాం. మీ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలుసుకోవాలంటే ఆ నంబరుకు చేయండి. రైడ్ల దగ్గర టీచరు వెంటనే ఎత్తకపోవచ్చు, అరగంటలో తిరిగి చేస్తారు. మధ్యాహ్నం భోజనం వేళ, సాయంత్రం బస్సెక్కేటప్పుడు "పిల్లలంతా క్షేమం" అని గ్రూపులో మెసేజ్ వస్తుంది.

ఫొటోలు టీచర్లు నేల మీద నుంచి తీస్తారు: క్యూలో నిలబడ్డప్పుడు, దిగి వచ్చినప్పుడు, భోజనం చేసేటప్పుడు. తడి బట్టల్లో ఉన్నవి తీయం. మంచివి ఏరి మరుసటి రోజు మాత్రమే పంపుతాం. లైవ్ అప్‌డేట్స్ ఈసారి ఉండవు. కిందటిసారి అలా మాట ఇచ్చింది నేనే కాబట్టి ఈసారి ఆ మాట వెనక్కి తీసుకునేది కూడా నేనే.

మీరు ఇంట్లో చేయాల్సినవి నాలుగు. ఒకటి, "వీడియో తియ్యి" అని పిల్లలతో అనకండి. మీరు ఒక్కసారి సరదాగా అన్నది వాళ్లకు ఆర్డరు అవుతుంది. రెండు, ఖరీదైన వాచీలు, గొలుసులు ఇంట్లోనే ఉంచండి. మూడు, ఏది పోయినా, పగిలినా తిట్టనని ముందే చెప్పండి, కంచె దాటొద్దని చెప్పండి. నాలుగు, గుండె జబ్బు, ఫిట్స్, ఈమధ్య అయిన ఆపరేషన్ ఏదైనా ఉంటే ఫారంలో రాయండి. ఎక్కకూడని రైడ్లు ఏవో మేం ముందే చూసుకుంటాం.

మరి ఇంట్లో ఉన్న నానమ్మకు ఏం చూపించాలి? ఆ అబ్బాయిని కొన్నాళ్ల తర్వాత నేనే అడిగాను, "వీడియో లేదని నానమ్మ ఏమంది?" అని. "ఏమనలేదు మేడం. ఎలా ఉందో చెప్పమంది. మంచం మీద కూర్చుని రెండు చేతులూ ఇలా పైకెత్తి చూపించాను. ఆవిడ నా భుజం పట్టుకుని, చాల్లేరా నాకు కళ్లు తిరుగుతున్నాయి అంది" అన్నాడు.

కన్సెంట్ ఫారం మీద సంతకం చేసి, ఆరోగ్య వివరాలు నింపి, డైరీలో పెట్టి ఈ నెలాఖరులోపు పంపండి. ఇంకా సందేహాలుంటే సాయంత్రం 4 గంటల తర్వాత స్కూలుకు వచ్చి కలవండి, లేదా ఆఫీసు నంబరుకు ఫోన్ చేయండి.

మీ పిల్లల ఫిజికల్ సైన్స్ టీచర్,
నరసరావుపేట క్యాంపస్